వాడుక పుస్తకంలో నేను చేర్చిన వాక్యం

తప్పు కనిపిస్తే ఊరుకోలేని జబ్బు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. బస్సు మీద రాసిన ఊరి పేరులో ఒక దీర్ఘం ఎగిరిపోతే, ఆ బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా నాకు సుఖం ఉండదు. పెళ్ళికి పిలవడానికి వచ్చినవాళ్ళు బొట్టు పెట్టి శుభలేఖ చేతికిస్తే, పెళ్ళికొడుకు ఏం చేస్తున్నాడని అడగాల్సింది పోయి, "ముహూర్తం దగ్గర వారం తప్పు పడింది" అనేసి మా ఆయన చేత చీవాట్లు తిన్న రోజులున్నాయి. అలాంటి మనిషి డీటీపీ కొట్టు పెట్టుకోవడం ఒక రకంగా ఊరికి మంచిదే అయింది. విజయనగరంలో కోటకు దగ్గర్లో, రెండు స్కూటర్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి తగ్గాల్సిన సందులో మా కొట్టు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, వేసవిలో మాకంటే ముందే అలిసిపోయే ఒక జిరాక్స్ మిషను. శుభలేఖలు, అర్జీలు, కాలేజీ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు మా బతుకుతెరువు.

స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకీ వస్తున్న రోజులవి. తెలుగులో టైపు చేసుకోవడానికి ఒక ఎడిటర్ ఉచితంగా దొరికితే కంప్యూటర్లో పెట్టుకున్నాను. దాన్ని నలుగురైదుగురు కుర్రవాళ్ళు తీరిక వేళల్లో తయారు చేశారు. ఎడిటర్ బంగారం. దాన్ని ఎలా వాడాలో చెప్పడానికి వాళ్ళే రాసిన వాడుక పుస్తకం మాత్రం, నా నోరు మంచిది కాబట్టి ఏమీ అనను. నలభై పేజీలు. ప్రింటు తీసి చదువుతూ కూర్చున్నాను. ఎడమ నుంచి మూడో బొమ్మ నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయని అందులో ఉంది. నొక్కాను. అక్షరాలన్నీ పక్కకు వాలిపోయాయి. మళ్ళీ నొక్కాను, లేచి నిలబడ్డాయి. అరగంట ఆ గుంజీలు తీయించాక తెలిసింది, నొక్కాల్సింది నాలుగో బొమ్మ అని.

కోపం పట్టలేక పుస్తకం చివర ఉన్న చిరునామాకు మెయిలు కొట్టాను. "మీరు రాసిన పుస్తకం మీరే ఒకసారి చదువుకున్నారా?" అని మొదలైంది ఆ మెయిలు. మర్నాడు జవాబొచ్చింది. "మీరన్నది నిజమే. దిద్దాం. చాలా సంతోషం. ఇంకేమైనా కనిపిస్తే చెప్పండి." అంతే. తిట్టిన మనిషికి సంతోషం చెప్పేవాళ్ళను నేను అంతవరకూ చూడలేదు. ఇక ఆ "ఇంకేమైనా" అన్న మాట నాతో అనకూడదు. వారం తిరక్కుండా ఇరవై తప్పులు పంపాను.

పెద్ద తప్పులేమీ కావు. ఒకచోట బొమ్మ ఒక పేజీలో, దాని కింద ఉండాల్సిన మాటలు ఇంకో పేజీలో. ఒకచోట ఐదో మెట్టు తర్వాత ఏడో మెట్టు, ఆరోది ఎక్కడా లేదు. ఒక బొత్తానికి రెండు అధ్యాయాల్లో రెండు పేర్లు. నేను పంపేదాన్ని, అటువైపు ఒకాయన చూసి, ఒప్పుకుంటే చేర్చేవాడు, ఒప్పుకోకపోతే ఎందుకో అడిగేవాడు. ఆ మనిషి మొహం నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన మాత్రం రోజూ ఒకటే పాట.

"జీతమెంత ఇస్తన్నారేటి?"

"ఏమీ లేదు."

"మరి కొట్టు కాడ నిలబడినోళ్ళని ఒగ్గేసి ఆళ్ళ తప్పులు నీకేల?"

"తప్పులు వాళ్ళవి. చదివేది మనం కదా."

ఆయన టీ తాగడానికి పోయేవాడు. నాకు మటుకు ఆ పని తెగ నచ్చేసింది. మధ్యాహ్నం ఎండకు సందులో మనిషి అలికిడి లేనప్పుడు ఆ నలభై పేజీలు ముందేసుకుని, ఎర్ర పెన్నుతో మహారాణీలా కూర్చునేదాన్ని.

అప్పుడే ఒక పెద్ద పని చేశాననుకున్నాను. కొట్టుకొచ్చి టైపు నేర్చుకునేవాళ్ళను చూస్తుంటే నాకు ఒకటి అర్థమైంది. తెర మీద కంప్యూటరు ఏదైనా ప్రశ్న అడిగితే చాలు, పోలీసు అడిగినట్టు బిగుసుకుపోతారు. చెయ్యి వెనక్కి లాగేసుకుని నా వైపు చూస్తారు. అందుకని మొదటి అధ్యాయంలో ఒక వాక్యం చేర్చమని పంపాను. "తెర మీద ఏ ప్రశ్న వచ్చినా కంగారు పడకండి, 'అవును' నొక్కి ముందుకు సాగండి." అటువైపు ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "అన్ని ప్రశ్నలకూ అవునేనా?" అని అడిగాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "మీరు కంప్యూటరు ముందు పుట్టారు. మా దగ్గరికి వచ్చేవాళ్ళకు ముందు భయం పోవాలి, తక్కినవి తర్వాత" అని ఘాటుగా రాశాను. వాక్యం చేరింది. కొత్త పుస్తకం చివరి పేజీలో "దిద్దుబాట్లలో సాయపడినవారు" అనే శీర్షిక కింద, చీమ తలకాయంత అక్షరాల్లో నా పేరు కూడా చేరింది. ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు కానీ ఆ పేజీని మూడుసార్లు ప్రింటు తీశాను.

ఆ వేసవిలోనే మా నాన్న మా ఇంటికి వచ్చాడు. మాది కళింగపట్నం. నాన్నా, ఆయన తమ్ముడు మా చిన్నాన్నా ఒకే పడవ మీద వేట. గట్టు మీదకు పడవ లాగుతుంటే నాన్న జారిపడి మోకాలు పోగొట్టుకున్నాడు. విజయనగరంలో డాక్టరు చూసి, రెండు నెలలు ఈ ఊళ్ళోనే ఉండి రోజూ వ్యాయామం చేయించుకోవాలన్నాడు. ఇక పడవ ఎక్కడం కష్టమేనని నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. పక్కకు పిలవడం అనవసరం, నాన్నకు అప్పటికే తెలుసు. సర్కారు వేట ఆపించే రోజులు కాబట్టి పడవలన్నీ గట్టునే ఉన్నాయి. ఎండుచేపల పని వదిలి అమ్మ రాలేనంది. నాన్న ఒక్కడే చేతికర్రా, తువ్వాలూ పట్టుకుని దిగాడు.

దిగిన మూడో రోజు తన మనసులో మాట చెప్పాడు. సముద్రంలో చేప నిలిచే తావులు కొన్ని ఉంటాయి, నీటి అడుగున రాళ్ళు ఉన్న చోట్లు. పైనుంచి చూస్తే అంతా ఒకటే నీరు. వాటిని పట్టుకోవడానికి గట్టు వైపు చూడాలి. లైట్‌హౌసు వెనక శాలిహుండం కొండ భుజం ఎక్కడికి వచ్చిందో చూడాలి, అదే సమయానికి ఇంకో పక్క ఫలానా తాడిచెట్టు వెనక ఏ కోవెల వచ్చిందో చూడాలి. రెండూ కలిసిన చోట లంగరు వెయ్యాలి. అలాంటి తావులు నాన్నకు ఇరవైకి పైగా తెలుసు. కొన్ని తాత చెప్పినవి, కొన్ని తాను కనిపెట్టినవి. చిన్నాన్న ఎప్పుడూ వల దగ్గర ఉండేవాడు, చుక్కాని దగ్గర నాన్న. కాబట్టి అవి నాన్న బుర్రలో తప్ప ఇంకెక్కడా లేవు. వేట మళ్ళీ మొదలై పడవ దిగే నాటికి వాటిని కాగితం మీద పెట్టి తమ్ముడి చేతికివ్వాలి. లేకపోతే తనతోనే పోతాయి. ఇదీ నాన్న బెంగ.

"నోటితో చెప్పెయ్యొచ్చు కదా నాన్నా చిన్నాన్నకి?"

"ఆడికా? మూడో మాట కాడ నాకే సెప్తాడు. తర్వాత నాను కర్ర తీస్తాను. కాయితమైతే ఎదురు సెప్పలేడు కదా."

చిన్నాన్న కిందటేడే జీపీఎస్ పెట్టె కొన్నాడు. అప్పటి నుంచి అన్నదమ్ములకు పడదు. "అన్నీ పెట్టిలోనే ఉన్నాయి అన్నా" అని చిన్నాన్న, "పెట్టికి ఎవుడు సెప్పాడు, నీ మావ సెప్పాడేటి?" అని నాన్న. మరి పెన్నుతో రాయమంటే, నైలాను తాళ్ళ ఒరిపిడికి కోసుకుపోయి నాన్న కుడిచెయ్యి వేళ్ళు ముడుచుకోవు. తాను రాసింది తానే చదువుకోలేడు. ఒక్క చూపుడువేలు మటుకు మేకులా నిలబడుతుంది. నేను కొడతానంటే తన చేత్తోనే రాస్తానన్నాడు, అందుకని ఆ వేలితో టైపు నేర్పుతానన్నాను. కొట్టులో రెండో కంప్యూటరు ముందు కుర్చీ వేసి, కాలు చాపుకోవడానికి ఎదురుగా స్టూలు వేసి, వాడుక పుస్తకం చేతిలో పెట్టాను.

నా జన్మలో అలాంటి పాఠకుణ్ణి చూడలేదు. నాన్న ఏడో తరగతి దాకా చదివాడు. అచ్చులో ఉన్న మాటంటే ఆయనకు వేదం. ఏది రాసి ఉంటే అదే చేస్తాడు, రాయనిది చచ్చినా చెయ్యడు. "అ కోసం ఈ మీట నొక్కండి" అని ఉంటే నొక్కాడు. వదలమని లేదు కాబట్టి వదల్లేదు. తెర నిండా అకారాలు వరదలా పారుతుంటే, వేలు తియ్యకుండానే నన్ను పిలిచాడు.

"ఒసే గుంటా! ఎంతసేపు నొక్కాల?"

"వదిలెయ్ నాన్నా!"

"ఒగ్గమని ఎక్కడున్నాది? సూపించు."

ఎక్కడా లేదు. ఆ సాయంత్రమే "నొక్కి వదలండి" అని దిద్దుబాటు పంపాను. ఇంకోరోజు, "కింది బొమ్మ చూడండి" అని ఉంటే ఆయన పేజీ కింద చూశాడు, తర్వాత పుస్తకం పైకెత్తి బల్ల కింద కూడా చూశాడు. బొమ్మ అవతలి పేజీలో ఉంది. "ఇది రాసినోడు గట్టున కూకుని ఈత నేర్పతన్నాడు" అన్నాడు. నేను ఆరు నెలలు ఎర్ర పెన్ను పట్టి చూసినా దొరకని తప్పులు, నాన్న ఒక్క వేలితో పట్టేవాడు. నేను మెయిలు పంపేదాన్ని. అటువైపు ఆయన "ఈ మధ్య మీ దిద్దుబాట్లు చాలా సూక్ష్మంగా ఉంటున్నాయి" అని మెచ్చుకున్నాడు. మా నాన్న సంగతి ఆయనకు చెప్పలేదు. మెప్పంతా నేనే తినేశాను.

చదువుతూ చదువుతూ నాన్న చివరి పేజీకి వచ్చాడు. ఆయన ఏదీ వదలడు కదా. కళ్ళద్దాలు తుడుచుకుని, పేజీని మొహానికి ఆనించుకుని ఒక్కో పేరే చదివాడు. నా పేరు దగ్గర ఆగిపోయాడు.

"ఇది నువ్వేనేటే?"

"ఆఁ."

"అచ్చులోనా?"

ఆ రోజు జిరాక్స్‌కు వచ్చినవాళ్ళందరి చేతా ఆ పేజీ చదివించాడు. ఆధార్ కార్డు జిరాక్స్‌కు వచ్చిన ఒక ముసలామె తనకు చదువు రాదంటే తానే చదివి వినిపించాడు. చిన్నాన్నకు ఫోను చేసి, "నీ పెట్టిలో ఉన్నాదేటిరా మన గుంట పేరు?" అని అడిగాడు. నాకు సిగ్గు వేసింది. సంతోషం కూడా వేసింది, అబద్ధమెందుకు.

తర్వాత అసలు పని మొదలైంది. ఒక్కో తావుకు ఒక్కో కాగితం, అంటే ఒక్కో ఫైలు. రోజుకొకటి, ఓపికుంటే రెండు. మా వాళ్ళలో గంగమ్మ తల్లికి దండం పెట్టుకోకుండా పడవ నీళ్ళలోకి దింపరు. నాన్న కాగితం కూడా అలాగే దింపాడు. ప్రతి దాని మొదటి పంక్తిలో "గంగమ్మ తల్లికి దండాలు" అని కొట్టి, ఆ తర్వాతే తావు గురించి రాసేవాడు. ఒకటి పూర్తయితే పుస్తకంలో చెప్పినట్టే సేవ్ నొక్కేవాడు, మూసేవాడు, గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీసేవాడు. ఇరవైమూడు రాయాలని లెక్క. అన్నీ అయ్యేదాకా నేను చూడకూడదట.

"సగం అల్లిన వల ఎవులికైనా సూపిస్తారేటి? అయ్యాక సూడు."

పెళ్ళిళ్ళ రోజులు కావడంతో నాకూ తీరిక లేదు. ఒకరోజు నేను జిరాక్స్ మిషనులో ఇరుక్కున్న కాగితం లాగుతుంటే వెనక నుంచి పిలిచాడు.

"గుంటా, ఇదేటో అడగతన్నాది."

"'అవును' అను నాన్నా! పుస్తకంలో ఉంది కదా!"

"అదే నొక్కాను. నీకు తెలుసో నేదో అని సెప్పాను."

ఆ తర్వాత ఇక పిలవలేదు. "మర్యాదైన మిషను. రోజూ అడిగి గాని దాయదు" అని మా ఆయనతో అంటుంటే విని నవ్వుకున్నాను.

పడవలు దిగడానికి ఇంకో వారం ఉందనగా ఇరవైమూడో గీత పడింది. నాన్న స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కొట్టుకు వచ్చాడు. ప్రింటు తియ్యమన్నాడు. నేను ఫైళ్ళుండే చోటు తెరిచాను. ఒక్క ఫైలు ఉంది. దాని పేరు "గంగమ్మ తల్లికి దండాలు".

తక్కినవి వేరే చోట పడ్డాయేమోనని కంప్యూటరంతా గాలించాను. లేవు. గాలిస్తుండగానే విషయం మెల్లగా తలకెక్కింది. సేవ్ నొక్కితే ఆ ఎడిటర్ మొదటి పంక్తినే ఫైలుకు పేరుగా చూపిస్తుంది. ఇరవైమూడు కాగితాలకూ మొదటి పంక్తి ఒకటే, కాబట్టి పేరూ ఒకటే. రెండో రోజు నుంచీ అది పాపం రోజూ అడుగుతూనే ఉంది, "ఈ పేరుతో ఇంకో ఫైలు ఉంది, దాన్ని తీసేసి ఇది పెట్టాలా?" అని. నాన్న రోజూ అవునన్నాడు. అది రోజూ నిన్నటి తావును తుడిచేసి ఇవాళ్టిది పెట్టింది. మిగిలింది చివరిది ఒక్కటే. ఎడిటర్ చాటుగా ఉంచుకునే పాత నకలు వెతికితే ఇరవైరెండోది దొరికింది. అంతకు ముందువి ఇరవై ఒకటీ లేవు.

ముందు ఆ ఎడిటర్ తయారుచేసినవాళ్ళను తిట్టాను. ఇలాంటి పుస్తకం రాస్తారా అని పుస్తకం తీసి మొదటి అధ్యాయం తిప్పాను. నేను చేర్చిన వాక్యం అక్కడే ఉంది.

నాన్న గోడ మీది గీతల వైపు చూస్తున్నాడు. విషయం చెప్పాను. నాన్న పుస్తకం తీసుకుని ఆ వాక్యం మీద వేలు పెట్టాడు.

"ఏటడిగినా అవుననమని రాసినోడెవుడు?"

"నేనే నాన్నా."

కర్ర తీస్తాడనుకున్నాను. తియ్యలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. కాగితం కట్టలు పేర్చిన వెనక గదిలోకి పోయి ఏడ్చాను. ఊళ్ళో ఉన్న ప్రతి తప్పునూ పట్టుకునే దాన్ని, నా చేత్తో నేను రాసిన తప్పు మా నాన్న నెత్తిన పడితే గాని కనిపించలేదు. అటువైపు మనిషి అడిగాడు కూడా. నేనే వినలేదు. కాసేపటికి కర్ర చప్పుడు వినిపించింది.

"ఏడుపు ఒగ్గీ. మిషనులో పోయాయి గాని నా బుర్రలో పోయాయేటి? ఈ గోడ కేసి సూస్తా రాస్తే ఎలగో ఉన్నాది. బేగి బట్టలు సర్దు, ఊరెలిపోదాం. అక్కడైతే కొండ ఎదర కనపడతాది."

కొట్టు మా ఆయనకు అప్పగించి, పాత లాప్‌టాప్ సంచిలో వేసుకుని, శ్రీకాకుళం దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి కళింగపట్నానికి ఇంకో బస్సు పట్టుకుని వెళ్ళాం. అమ్మ ఎండుచేపలు ఆరేసిన చోటికి దగ్గర్లో, గట్టు మీద ఉన్న మా పడవ నీడన చాప వేశాం. నాన్న సముద్రానికి వీపు పెట్టి, కొండ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. ఈసారి టైపు చేసేది నేను.

మొదటి కాగితం దగ్గరే పేచీ వచ్చింది. పైన తావు పేరు పెడదామన్నాను.

"తల్లి కంటే పైనా? కుదరదు."

"కాగితంలో కాదు నాన్నా. తల్లి పేరు కాగితంలో పైనే ఉంటాది. ఇది ఫైలుకి పెట్టే పేరు. పడవ మీద నంబరు రాస్తాం సూడు, అలగ."

ఆలోచించి, "నంబరైతే పెట్టు" అన్నాడు. మా ఊరి గాలి తగిలేసరికి నా మాట కూడా మారిపోయిందని అప్పుడు గమనించాను.

విషయం తెలిసి చిన్నాన్న వచ్చాడు. ఎగతాళి చేస్తాడని నాన్న ముందే కర్ర దగ్గరగా లాక్కున్నాడు. చిన్నాన్న నవ్వలేదు. ఇరవై ఒకటి పోయాయంటే ఆయన మొహం కూడా వాడిపోయింది. చాప చివర కూర్చున్నాడు.

"సెప్పన్నా. నాను మద్దిన నోరు తెరవను."

మూడు రోజులు ఆ మనిషి నోరు తెరవలేదు. నాన్న చెబుతుంటే పెదాలు బిగించుకుని, ఒక్కోచోట ఏదో అనబోయి మింగేసి, వల చిరుగులు కుట్టుకుంటూ కూర్చున్నాడు. మా వంశంలో అంతకు మించిన త్యాగం ఎవరూ చేసి ఉండరు. కొండ ఎదురుగా కనిపిస్తుంటే నాన్న నోటి నుంచి తావులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. మూడో రోజు మధ్యాహ్నానికి ఇరవైమూడూ అయ్యాయి. లేవబోతూ మళ్ళీ కూర్చుని, తాత చూపించిన ఒక తావు మరిచేపోయానంటూ ఇరవైనాలుగోది చెప్పాడు. నేను ప్రతి దాన్నీ సేవ్ చేసి, మూసి, మళ్ళీ తెరిచి చూసుకున్నాను.

తిరిగి విజయనగరం వచ్చాక మొదట చేసిన పని మెయిలు రాయడం. మొదటి అధ్యాయంలో ఫలానా వాక్యం తీసెయ్యమన్నాను. "అది మీరు చేర్చిందే కదా?" అని అడిగాడు అటువైపు ఆయన, వెటకారం లేకుండానే. జరిగిందంతా చెప్పాను, గంగమ్మ తల్లితో సహా. తీసిన చోట ఇది పెట్టమన్నాను. "తెర మీద ప్రశ్న వస్తే ఆగండి. పూర్తిగా చదవండి. 'ఈ పేరుతో ఇంకో ఫైలు ఉంది' అని ఉంటే, పాతది పోయినా ఫరవాలేదా అని ఆలోచించుకోండి. ఫరవాలేదంటేనే 'అవును' నొక్కండి. ప్రతి కాగితాన్నీ దేవుడి పేరుతో మొదలుపెట్టే అలవాటు ఉంటే, ఫైలుకు వేరే పేరు మీరే టైపు చెయ్యండి." ఆ ఆఖరి వాక్యం తీసేస్తాడనుకున్నాను. తియ్యలేదు. తమ ఇంట్లో కూడా శ్రీ చుట్టకుండా ఎవరూ ఏదీ రాయరనీ, ఇన్నాళ్ళూ తనకు ఈ సంగతి తట్టనందుకు సిగ్గుపడుతున్నాననీ రాశాడు. ఈసారి మెప్పు నేను తినలేదు. ఆ దిద్దుబాటు మా నాన్నదని చెప్పాను.

ఇరవైనాలుగు కాగితాలూ ప్రింటు తీసి, సముద్రపు తడికి పాడుకాకుండా ఒక్కోదానికీ లామినేషన్ చేసి, చిల్లు పొడిచి తాడు కట్టి చిన్నాన్నకు పంపించాను. పడవలు దిగాయి. మోకాలి వ్యాయామం ఇంకా కొన్ని రోజులు ఉండడంతో నాన్న మా దగ్గరే ఉన్నాడు. తమ్ముడు వచ్చాడేమోనని, సందులో ఆటో ఆగితే చాలు, మెడ చాపి చూసేవాడు.

రెండు వారాలకు చిన్నాన్న వచ్చాడు. ఒక చేతిలో చేపల సంచి, ఒక చేతిలో ఆ కట్ట. కొట్టులో అడుగుపెడుతూనే పదకొండో కాగితం తీసి నాన్న ముందు పెట్టాడు. ప్లాస్టిక్ మీద పెన్ను పడక, మేకుతో గీసిన పెద్ద అడ్డగీత ఉంది దాని మీద.

"తాడిసెట్టని రాసావు. సెట్టేది? మొన్న గాలికి పడిపోనాది. ఆ పక్కని సెల్ టవరు లేసింది. నాను టవరు పట్టుకునెల్తే రాళ్ళ మీదకెల్లిపోనాను. కూసింతలో వల సిరిగిపోను."

నాన్న మాటకు అడ్డు చెప్పి చిన్నాన్న బాగుపడిన రోజు నేనెరగను. నాన్న ఆ కాగితం మీది గీతను వేలితో తడిమాడు.

"టవరుకి ఎంత దచ్చినానికి రావాలి?"

"సెయ్యి సాపి సూస్తే, బొటనేలంత."

"తక్కినయ్యి?"

"తక్కినయ్యన్నీ సరిగ్గున్నాయి. పెట్టిలో కూడా ఎక్కించేసాను."

నాన్న కంప్యూటరు వైపు కుర్చీ తిప్పుకున్నాడు. ఆయన మొహంలో వెలుగు చూసి నాకు ఒక్కసారిగా అర్థమైంది, నా మొదటి తిట్ల మెయిలుకు అటువైపు ఆయన అంత సంతోషం ఎందుకు చెప్పాడో. ఇరవైనాలుగు కాగితాలూ తమ్ముడు వాక్యం వాక్యం చదివాడు. చదవకపోతే తప్పు తెలిసేది కాదు.

ఆ ఒక్క వేలితో తాడిచెట్టు తీసి టవరు పెట్టాడు, బొటనవేలంత అని రాశాడు. కింద ఇంకో పంక్తి ఏదో కొట్టాడు. పుస్తకంలో ఉన్నట్టే ఫైలు పేరు చూసుకుని సేవ్ నొక్కాడు. తెర అడిగింది, ఈ పేరుతో ఇంకో ఫైలు ఉంది, దాన్ని తీసేసి ఇది పెట్టాలా అని. నాన్న చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మేకుకు వేలాడుతున్న వాడుక పుస్తకం దింపి, నేను కొత్తగా రాసిన వాక్యాలు పైకి చదివాడు. "పాతది పోయినా ఫరవాలేదా" దగ్గర ఆగి తమ్ముడి వైపు చూశాడు.

"సెట్టే పోయింది కదన్నా" అన్నాడు చిన్నాన్న.

నాన్న అవును నొక్కాడు. నేను ప్రింటు తీశాను. కింది పంక్తి చిన్నాన్న కంటికి ఆనకపోతే చదివి వినిపించాను. "దీన్ని దిద్దింది నా తమ్ముడు" అని ఉంది, దాని పక్కన చిన్నాన్న పూర్తి పేరు ఇంటిపేరుతో సహా. ఆయన కాగితం చేతిలోకి తీసుకుని, ఆ పంక్తిని అలాగే చూస్తూ నిలబడ్డాడు. లామినేషన్ చేసిస్తానని నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"వద్దమ్మీ, దీనికి ప్లాస్టిక్ ఎయ్యకు. మళ్ళీ దిద్దాల్సొస్తే పెన్ను పడాల కదా."

"ఏటిరా, అప్పుడే ఇంకోటి దొరికిందేటి?" అంటూ నాన్న కాలు కిందకు దించి, ఆ స్టూలు తమ్ముడి వైపు జరిపాడు.